ఇంట్లో చదువు చెప్తుంటే నవ్వుకునే రోజులు ఉంటాయా అంటే, మా ఇంటి నోట్‌బుక్ లోంచి కొన్ని

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. స్కూల్ మాన్పించి ఇంట్లో చదువు మొదలుపెట్టి మూడు నెలలైంది, బాబుకి ఏడేళ్ళు, పుస్తకం తీస్తే వాడికి ఏడుపు మీకు అరుపు, అసలు నవ్వుకునే రోజులు ఉంటాయా, ఎప్పట్నుంచో చెప్తున్నవాళ్ళు మీ ఇళ్ళల్లో జరిగిన సరదా సంగతులు చెప్పండి అన్నారు. మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు, వ్యతిరేక పదాలు రాయమంటే "తీపి" ఎదురుగా "తాతయ్య" అని రాశాడు, కావాలని అల్లరి చేస్తున్నాడనిపించి గట్టిగా అరిచేశాను అని. దాని దగ్గరికి చివర్లో వస్తా, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మేం హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం. పెద్దమ్మాయికి 14, చిన్నాడికి 10, తొమ్మిదేళ్ళ నుంచి చదువు ఇంట్లోనే. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు, మా అమ్మానాన్న తెనాలిలో. మొదటి ఏడాదే ఒక లాంగ్ నోట్‌బుక్ ఫ్రిజ్ మీద పెట్టా, పిల్లలు నవ్వొచ్చే మాట ఏదన్నా అంటే తేదీ వేసి రాసుకోడానికి, ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది. మొదట్లో పెద్దయ్యాక చదివి నవ్వుకుంటారులే అని రాశా, కానీ ఒక ఏడాది అయ్యాక వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది, పరీక్ష పెట్టినా బయటపడని సంగతి ఈ పిచ్చి మాటల్లో బయటపడుతోంది అని. వాళ్ళు తప్పు చెప్పినచోట వాళ్ళ లెక్క వాళ్ళకి ఉంది, అది వింటే రేపు ఏం చెప్పాలో మనకి తెలుస్తుంది.

గుణింతాల దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే మా నోట్‌బుక్‌లో సగం గుణింతాలే. మనం చిన్నప్పట్నుంచి పాట లాగా చదివేశాం కాబట్టి మనకి వినిపించదు గానీ, కొత్తగా వినే ఐదేళ్ళ పిల్లాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. క కి దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడి దీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు. గుడి ఇవ్వడం ఏంటి, కొమ్ము ఇవ్వడం ఏంటి? చిన్నాడు మొదటిరోజు నోరు తెరుచుకుని విన్నాడు, ఏమీ అడగలేదు. మర్నాడు రాసి చూపించమంటే కి మీద చిన్న గోపురం వేసి పైన జెండా పెట్టాడు. కీ మీద పెద్ద గోపురం, మెట్లు, మెట్ల మీద చీమల్లాంటి జనం. "ఇది మన వీధిలో రాములవారి గుడి, ఇది తిరుపతి, అందుకే కీ అని లాగాలి, క్యూ పెద్దది కదా" అన్నాడు. కు కి అయితే చక్కగా ఆవు తల, రెండు కొమ్ములు. మా అత్తయ్యగారు పూజగదిలోంచి లేచి వచ్చి మరీ చూశారు, చూసి "మరి గుడిలో దేవుడేడిరా" అని అడిగితే "క నే దేవుడు, లోపల కూర్చున్నాడుగా" అన్నాడు.

ఆ రోజు నేను ఆ బొమ్మలు చెరపనివ్వలేదు. ఒక నెలపాటు గుణింతాలన్నీ గోపురాలతోనే రాశాడు, ఏత్వం ఐత్వం దగ్గరికొచ్చేసరికి బొమ్మ దొరక్క వాడే విసుగొచ్చి మామూలుగా రాయడం మొదలుపెట్టాడు. కానీ హ్రస్వం దీర్ఘం మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా తారుమారు కాలేదు, ఇప్పటికీ డిక్టేషన్ చెప్పేటప్పుడు "చిన్న గుడా పెద్ద గుడా" అని అడుగుతాడు. ఱ ని బండి ర అంటారని చెప్పినప్పుడు అయితే చక్రాలున్నాయో లేవో చూసుకుని, రెండున్నాయి సరిపోతాయి అని తల ఊపాడు.

వత్తుల కథ పెద్దదానిది. దానికి ఆరేళ్ళు, ఆ వారమంతా వత్తులే నేర్చుకుంటున్నాం, అమ్మకి మ వత్తు, అక్కకి క వత్తు, అట్లా. సాయంత్రం దీపం పెట్టే వేళకి మా అత్తయ్యగారు "అమ్మడూ, అలమరలో వత్తులున్నాయి పట్రా" అన్నారు, ఇది పరిగెత్తుకెళ్ళి తెలుగు నోట్‌బుక్ తెచ్చి దీపం కుందె ముందు పెట్టి నిలబడింది. ఆవిడ ఇదెందుకే అంటే "ఏ వత్తు కావాలి నానమ్మా, నాకు త వత్తు దాకానే వచ్చు" అంది. మేమందరం పడీపడీ నవ్వాం, అదీ నవ్వింది, తర్వాత పత్తి తీసుకుని ఆవిడ పక్కన కూర్చుని వత్తులు చేయడం కూడా నేర్చుకుంది. ఆ రాత్రి పడుకునేముందు మాత్రం అడిగింది, వత్తు లేకపోతే దీపం వెలగదు, మరి అమ్మలో వత్తు తీసేస్తే ఏమవుతుంది అని. అమ అవుతుంది, నోట్లో సగంలో ఆగిపోతుంది అని ఇద్దరం చీకట్లో పలికి చూసుకున్నాం. ద్విత్వాక్షరం గురించి నేను చెప్పాల్సిన పాఠం ఏదైనా ఉంటే అది అక్కడే అయిపోయింది.

ఎక్కాల సంగతి. మా నాన్నగారు తెనాలి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎక్కాలు అడిగేవారు, ఆయనది పాత పద్ధతి, రెండో ఎక్కం నుంచి పందొమ్మిదో ఎక్కం దాకా రాగం తీసి చెప్పాల్సిందే. ఒకరోజు పెద్దదాన్ని "ఏడెనిమిదులు ఎంతే" అని అడిగారు. ఇది కాసేపు ఆలోచించి "ఏడో ఎనిమిదో ముందు నువ్వు తేల్చుకో తాతయ్యా, అప్పుడు చెప్తా" అంది. నిజమే కదండీ, మనం ఏడెనిమిది మంది వచ్చారు అంటాం, అయిదారు ఇడ్లీలు తిన్నా అంటాం, అవన్నీ "సుమారుగా" అన్న అర్థంలోనే. ఆ మాట దానికి తెలుసు, ఇది కొత్త. మా నాన్నగారు ఫోన్‌లో అవతల నవ్వాపుకోలేక దగ్గారు, ఆ తర్వాత చాలా ఓపిగ్గా ఏడు ఎనిమిదుల్ని చింతగింజలతో వరసగా పేర్పించి 56 లెక్కపెట్టించారు, వీడియో కాల్‌లో. అప్పుడు నాకు అర్థమైంది, రాగం అయితే వచ్చేసింది గానీ గుణించడం అంటే ఏంటో ఇంకా దానికి అందలేదు అని. మళ్ళీ గింజలకి వెళ్ళాం, నెల రోజులు. ఆ ఒక్క నవ్వు రాకపోతే నేను పదో ఎక్కానికి వెళ్ళిపోయి ఉండేదాన్ని.

లెక్కలంటే మీకు పుస్తకం కన్నా వంటిల్లు, సంత, ఈ రెండూ ఎక్కువ పనికొస్తాయి, నా మాట నమ్మండి. మా అత్తయ్యగారి దగ్గర పాత ఇత్తడి కొలతలున్నాయి, గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక. ఊరిని బట్టి కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ ఆవిడ లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. చిన్నాడు వాటితో బియ్యం పోసి తీసి ఆడుకుంటూనే పావు, అర, ముప్పావు నేర్చేసుకున్నాడు, కాగితం మీద భిన్నం అనే మాట వినకముందే. ఒకసారి మా మరిది వాళ్ళింట్లో పిజ్జా తెప్పించారు, ఎనిమిది ముక్కలు, ఎంత తిన్నావురా అంటే వీడు "సోల" అన్నాడు. అక్కడెవరికీ అర్థం కాలేదు. "పిజ్జా మొత్తం తవ్వ, ఒక్కో ముక్క గిద్ద, నేను నాలుగు తిన్నా, సోల" అని చేతులు తిప్పుతూ వివరించాడు. మా అత్తయ్యగారు అక్కడే ఉన్నారు, ఆ రోజు ఆవిడ మొహం చూడాలి మీరు. తను ఏ బడికీ వెళ్ళకుండా నేర్చుకున్న కొలత మనవడి నోట్లోంచి పిజ్జా పెట్టె పక్కన వినిపించింది మరి.

సంత లెక్క ఇంకోటి. కిలో టమాటా 30 రూపాయలు, రెండున్నర కిలోలు ఎంత అని రాసిచ్చా. వీడు రెండు జవాబులు రాశాడు, "రైతుబజార్‌లో 75, మంగళవారం సంతలో 70, కరివేపాకు ఊరికే". తప్పు కొట్టబోయి చెయ్యాపుకున్నా. కూకట్‌పల్లి రైతుబజార్‌లో రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, అక్కడ బేరం ఉండదు, సంతలో అయితే మేం ఎప్పుడూ కొనే ఆవిడ చిల్లర ఐదు వదిలేసి ఒక రెబ్బ కొసరు వేస్తుంది. వాడు రాసింది వాడు చూసింది. 75 అని లెక్క సరిగ్గా కట్టాకే కదా ఐదు తగ్గించింది! ఆ పేజీ అలాగే చింపి నోట్‌బుక్‌లో అతికించా. తర్వాత రైతుబజార్లు ఎందుకు పెట్టారు, దళారీ అంటే ఎవరు, 1999లో ఇవి పెట్టకముందు రైతులు కూరగాయలు ఎక్కడ అమ్మేవాళ్ళు అని అడుగుతూ పోయాడు, ఆ వారం సోషల్ కూడా అందులోనే అయిపోయింది.

బయటివాళ్ళ ముందు జరిగేవి వేరే రకం, వాటికి మీరు రెడీగా ఉండాలి. ఒకసారి పదకొండింటికి పార్సిల్ అబ్బాయి వచ్చి చిన్నాణ్ణి చూసి "ఏం బాబూ ఇవాళ స్కూల్ లేదా" అన్నాడు. వీడు తలుపు దగ్గర నిలబడి "ఉంది అన్నా, మా స్కూల్ స్నానం చేస్తోంది, పది నిమిషాల్లో వస్తుంది" అన్నాడు. నేను బాత్రూంలో ఉన్నా, నాకంతా వినిపిస్తోంది. పెద్దదాన్ని పెళ్ళిలో ఎవరో ఏ క్లాసమ్మా అని అడిగితే "లెక్కల్లో నాలుగు, తెలుగులో ఆరు, ఈతలో ఇంకా చేరలేదు" అని చాలా సీరియస్‌గా చెప్పింది. అడిగినావిడ పాపం ఏమనాలో తెలీక అక్షింతలు దాని చేతిలో పెట్టేసింది. ఇలాంటి జవాబులకి పిల్లల్ని సరిదిద్దకండి, వాళ్ళ చదువు గురించి వాళ్ళు నిజమే చెప్తున్నారు.

లేఖారచన నేర్పినప్పటి సెలవు చీటీ మాటకి మాటా రాస్తున్నా, నోట్‌బుక్‌లో అతికించి ఉంది. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు అమ్మగారికి. విషయం, సెలవు కోరుట గురించి. అయ్యా, నాకు రేపు ఉదయం 10 గంటల నుండి 11 గంటల వరకు, అనగా లెక్కల సమయమందు, తలనొప్పి వచ్చును. కావున సెలవు ఇప్పించగలరని ప్రార్థన. తలనొప్పి బొమ్మల క్లాసుకి తగ్గిపోవును. ఇట్లు మీ విధేయురాలు, మీ పెద్ద కూతురు." కింద సంరక్షకుల సంతకం అన్నచోట మా అత్తయ్యగారి సంతకం, ఆవిడ చదవకుండానే పెట్టారట. నేను పెన్ను తీసుకుని "మంజూరు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టా. కానీ తర్వాత తేదీ చూసుకుంటే అది మేం పెద్ద భాగహారాలు మొదలుపెట్టిన వారం. అప్పటిదాకా లెక్కలంటే ఇష్టమే దానికి. నిజంగానే ఏదో అడ్డం పడుతోందని చూస్తే, భాగహారం మధ్యలో తీసివేత దగ్గర అప్పు తీసుకోవడం మర్చిపోతోంది, అంతే. రెండు రోజులు అది ఒక్కటే చేశాం, తలనొప్పి చీటీలు మళ్ళీ రాలేదు.

చంద్రయాన్ 3 దిగినరోజు గుర్తుందా, 2023 ఆగస్టు 23, సాయంత్రం 6:04కి, మా ఫ్లాట్స్‌లో ఎవరింట్లో చూసినా టీవీ అదే. ఆ రెండు వారాలు మా ఇంట్లో ఇంకో సబ్జెక్ట్ లేదు. చందమామ మీద పగలు మన లెక్కలో 14 రోజులు ఉంటుందని, తర్వాత అంతే పొడుగు రాత్రి వస్తుందని, అందుకే రాత్రి పడేముందే ప్రజ్ఞాన్ రోవర్‌ని నిద్రపుచ్చారని, బ్యాటరీ ఫుల్‌గా ఛార్జ్ చేసి సోలార్ పలక మీద మళ్ళీ ఎండ పడేట్టు తిప్పి రిసీవర్ మాత్రం ఆన్‌లో ఉంచారని, అన్నీ చెప్పా. సెప్టెంబర్ 22న లేపడానికి సిగ్నల్ పంపారు, జవాబు రాలేదు. మర్నాడు పొద్దున ఏడున్నరకి చిన్నాణ్ణి లేపుతుంటే దుప్పట్లోంచి గొంతు వస్తోంది, "ఇస్రో వాళ్ళు ప్రజ్ఞాన్‌ని దుప్పటి లాగి లేపారా? సిగ్నల్ పంపు. నా బ్యాటరీ ఫుల్లే, రిసీవర్ ఆన్‌లోనే ఉంది, పలక మీద ఎండ పడలా". నేను కర్టెన్ తీసి చెవి దగ్గర నెమ్మదిగా "దోశ" అన్నా. "సిగ్నల్ అందింది" అని లేచి కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి రోవర్ ఎలా నిద్రపోతుందో అంత సరిగ్గా గుర్తుందంటే నాకింకే పరీక్ష కావాలి చెప్పండి! కాసేపయ్యాక, దోశ తింటూ, "అది అక్కడ ఒక్కతే ఉందిగా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది కూడా రాసుకున్నా, అదే పేజీలో.

గోల్కొండ సంగతి క్లుప్తంగా చెప్తా. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ కొసన ఉన్న బాలా హిస్సార్ మండపంలో వినిపిస్తుంది కదా, అది చూసొచ్చాక ఇద్దరూ వారం రోజులు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టారు, నాలుగో అంతస్తులో నానమ్మకి వినిపిస్తుందేమో అని. ఆవిడకి వినపడలేదు గానీ వాచ్‌మన్ ప్రతిసారీ ఏం కావాలమ్మా అని పరిగెత్తుకొచ్చాడు. దాంతో పెద్దది "కోటలో కూడా ఇది కాపలావాళ్ళ కోసమే కదా, అయితే మనది కూడా పనిచేస్తున్నట్టే" అని తేల్చింది.

ఇప్పుడు ఒక బాధ కలిగించిన సంగతి, ఇది చెప్పకుండా సరదావి మాత్రమే చెప్తే మీకు అన్యాయం చేసినట్టే. పెద్దదానికి ఏడేళ్ళప్పుడు పైకి చదువుతూ "సంక్రాంతి" ని "సంతకాంతి" అని చదివింది, చాలా ముద్దుగా అనిపించి నేను ఆ సాయంత్రం చుట్టాలకి ఫోన్‌లో చెప్పి నవ్వా, స్పీకర్ ఆన్‌లో ఉంది, అవతల నలుగురు నవ్వారు, అది గుమ్మం దగ్గర నిలబడి వింది. ఆ తర్వాత మూడు వారాలు పైకి చదవలేదు. పెదాలు కదిపి లోపల చదువుకునేది. నాకు కారణం తెలియడానికే వారం పట్టింది, తెలిశాక దాని పక్కన కూర్చుని నిన్ను అడక్కుండా చెప్పడం తప్పు నాన్నా అని చెప్పి క్షమాపణ అడిగా. అప్పట్నుంచి మా ఇంట్లో నోట్‌బుక్‌లో రాసినది ఎవరికైనా చెప్పాలంటే, అన్నవాళ్ళని అడగాలి. ఇప్పుడు మీకు రాసినవన్నీ ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాకే రాస్తున్నా, చిన్నాడు ఒకటి వద్దన్నాడు, తీసేశా. సంతకాంతి చెప్పొచ్చని పెద్దదే అంది.

మీ అత్తింటివాళ్ళు "పదో తరగతి పరీక్ష ఎలా రాస్తాడు" అని రోజూ అడుగుతున్నారని కూడా రాశారు కాబట్టి రెండు ముక్కలు. కేంద్రప్రభుత్వ ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్, 1989 నుంచి ఉంది, పదికి 14 ఏళ్ళు నిండాలి, కనీసం ఐదు సబ్జెక్టులు, పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు పెడతారు, తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. ఆంధ్రలో, తెలంగాణలో రాష్ట్ర ఓపెన్ స్కూళ్ళు విడిగా ఉన్నాయి. మీ బాబుకి ఇంకా ఏడేళ్ళ టైముంది. మా పెద్దది ఈ ఏడాదే కడుతోంది, ఆ మాట విని చిన్నాడు "అయితే అక్క స్కూల్ మారుతోందా, మరి టీసీ" అని అడిగి, ఎవరూ ఇవ్వట్లేదని వాడే తయారుచేశాడు. చదివిన స్కూల్, ఇల్లు. వదిలి వెళ్తున్న కారణం, వెళ్ళట్లేదు, ఇక్కడే పడుకుంటుంది. ప్రవర్తన, నాతో తప్ప అందరితో బాగుంటుంది. కింద ఇంటి స్టాంపు అని బొటనవేలు ముద్ర, పసుపుతో.

ఇక మీ తీపి, తాతయ్య. మీ మావగారికి షుగర్ ఉందని, ఇంట్లో స్వీట్లు దాచిపెడుతున్నామని మీరే ఇంకోచోట రాశారు. తీపి తాతయ్యకి పడదు, ఎవరూ పెట్టనివ్వరు, ఇది మీ బాబు రోజూ వింటున్న మాట. "వ్యతిరేకం" అనే మాట మాత్రం ఏడేళ్ళ పిల్లాడు పుస్తకంలో తప్ప ఎక్కడ వింటాడండీ? విన్నా టీవీ వార్తల్లో ఫలానావాళ్ళు దీనికి వ్యతిరేకం అని వింటాడు, అంటే పడనివాళ్ళు అనేగా. వాడు అల్లరి చేయలేదు, ఆలోచించి రాశాడు, నాకైతే అందులో తాతయ్య మీద బెంగ కూడా కనిపించింది.

ఇవాళ సాయంత్రం పుస్తకం పక్కన పెట్టి ఒక కాగితం మీద రెండు గళ్ళు గీయండి, ఒకదానికి "ఎదురు", ఇంకోదానికి "పడదు" అని పేరు పెట్టండి. తీపికి ఎదురు చేదు, పడనిది తాతయ్యకి. వానకి ఎదురు ఎండ, పడనిది ఆరేసిన బట్టలకి. నిద్రకి ఎదురు మెలకువ, పడనిది దోమతో. రెండు మీరు చెప్పి మిగతావి వాణ్ణి చెప్పనివ్వండి, మీకన్నా వేగంగా చెప్తాడు. మా చిన్నాడికి ఇప్పుడే మీ బాబు రాసింది చెప్పా, వాడేమీ నవ్వలేదు, "కరెక్టే కదా, మరి ఉప్పుకి మా నానమ్మ" అన్నాడు, ఆవిడకి బీపీ.